చెట్టు తీసేసి నీడను మిగిల్చిన ఆపియా

రంగస్థలం మీద వెలుగు చరిత్ర ఎవరు రాసినా స్విట్జర్లాండ్ రంగాలంకరణ డిజైనర్ అడాల్ఫ్ ఆపియా దగ్గర ఆగాల్సిందే. అంత పేరున్న మనిషి జీవితకాలంలో నిజంగా వేదిక ఎక్కిన పనులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 1903లో పారిస్‌లో ఒక కులీన మహిళ భవనంలో కొన్ని దృశ్యాలు. 1912, 1913 వేసవుల్లో జర్మనీలోని హెల్లెరావ్‌లో ఒక ఆపెరా. 1914లో జెనీవాలో ఒక ఉత్సవ ప్రదర్శన. 1923లో మిలాన్‌లో ఒకటి. ఆ తర్వాత బాసెల్‌లో మూడు. అరవై అయిదేళ్ల జీవితంలో చెప్పుకోదగ్గవి ఇవే. మిగతాదంతా కాగితం మీదే ఉంది: బొగ్గుతో, చాక్‌తో గీసిన బొమ్మలు, ఆపెరాకి ఆపెరా చొప్పున రాసుకున్న ప్రదర్శన పథకాలు, చాలాకాలం సరైన పాఠకులు దొరకని పుస్తకాలు.

ఇలాంటివాళ్ల గురించి చెప్పేటప్పుడు "కాలం కంటే ముందు పుట్టాడు" అనేసి చేతులు దులుపుకోవడం మామూలే. ఆపియా విషయంలో ఆ మాట సగానికి పైగా తప్పు. అతను కోరిన దీపాలు అతని కాలంలోనే వెలిగాయి. వాటిని నడిపే విద్యను అతను స్వయంగా వెళ్లి నేర్చుకున్నాడు కూడా. అతనికి అందనిది ఆ దీపాలున్న నాటకశాల తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉంది, ఎందుకు ఇవ్వలేదు అని చూస్తే తప్ప ఈ మనిషి వృత్తి జీవితం అర్థం కాదు.

ముందుగా అతను దేనితో తగువు పెట్టుకున్నాడో చూడాలి. 19వ శతాబ్దపు యూరప్ ఆపెరాలో అడవి కావాలంటే గుడ్డ మీద అడవిని చిత్రించి వెనక వేలాడదీసేవారు. ఇరుపక్కలా చెట్ల ఆకారంలో కత్తిరించిన వింగ్స్ ఒకదాని వెనక ఒకటి నిలబెట్టేవారు. పైనుంచి ఆకుల గుడ్డలు దించేవారు. కింద మాత్రం చదునైన చెక్కల నేల. ఇది తెలుగువారికి కొత్తగా వివరించాల్సిన సంగతి కాదు. ఈ చిత్రపు తెరల పద్ధతే పార్సీ నాటక కంపెనీల ద్వారా మన దేశమంతా పాకింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వారి నాటకాల్లో దర్బారు తెర, అడవి తెర, వీధి తెర ఇప్పటికీ లేచి దిగుతూనే ఉన్నాయి. అయితే సురభి తెరలో ఒక నిజాయితీ ఉంది. తాను తెరనన్న సంగతి అది దాచుకోదు. ప్రేక్షకుడు కూడా దాన్ని తెరగానే చూసి ముచ్చటపడతాడు. యూరప్ ఆపెరా అలా ఊరుకోలేదు. గుడ్డను నిజమైన అడవని నమ్మించాలని పంతం పట్టింది.

అక్కడే చిక్కు వచ్చింది. తెర మీది చెట్టుకు చిత్రకారుడు ముందే నీడ గీసి ఉంటాడు. దాని ముందు నిలబడ్డ గాయకుడికి వెలుగు పాదాల దగ్గరి ఫుట్‌లైట్ల నుంచి వస్తుంది. చెట్టు నీడ ఒక వైపు, మనిషి నీడ ఇంకో వైపు. దూరంగా కనిపించాలని చిన్నగా గీసిన ఇంటి దగ్గరికి గాయకుడు నడిచి వెళ్తే, పైకప్పు అతని భుజం దాకా వస్తుంది. తెర బాగా కనబడాలంటే వెలుతురు సమంగా పరచాలి. సమంగా పరిస్తే మనిషి ముఖంలో ఎత్తుపల్లాలు పోయి, అతనూ గుడ్డ బొమ్మే అవుతాడు. పోనీ మనిషి బాగా కనబడాలని ఒక పక్క నుంచి గట్టి వెలుగు కొడితే, అతని నీడ వెళ్లి ఆకాశం మీద పడుతుంది. తెరకూ మనిషికీ ఒకే దీపంతో న్యాయం చేయడం కుదరదు. అందరూ ప్రతి రాత్రీ కళ్లారా చూస్తున్న ఈ ఇబ్బందిని ఒక సూత్రంగా పట్టుకున్నవాడు ఆపియా. ఇద్దరిలో ఒకరు పోవాలి, పోవాల్సింది తెర అని తేల్చాడు.

అతను 1862 సెప్టెంబర్ 1న జెనీవాలో పుట్టాడు. తండ్రి లూయీ ఆపియా శస్త్రవైద్యుడు. 1863లో రెడ్‌క్రాస్‌కు బీజం వేసిన అయిదుగురిలో ఒకడు. ఇల్లు కరడుగట్టిన కాల్విన్ మార్గపు ప్రొటెస్టంట్ క్రైస్తవుల ఇల్లు, ఊరేమో నాటకమంటే మొహం చిట్లించే ఊరు. జెనీవాకు నాటకశాల వద్దని తత్వవేత్త రూసో అంతటివాడు 1758లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ వాతావరణంలో, అందులోనూ నత్తి ఉన్న కుర్రవాడు రంగస్థలం వైపు వెళ్లడం విచిత్రమే. సంగీతం నేర్చుకోవడానికైతే ఇంట్లో అభ్యంతరం లేకపోయింది. లైప్జిగ్, పారిస్, డ్రెస్డెన్‌లలో చదివాడు. ఆ దారినే 1882లో బైరాయిట్ చేరాడు.

బైరాయిట్ అంటే రిచర్డ్ వాగ్నర్ తన ఆపెరాల కోసమే కట్టించుకున్న నాటకశాల. 1876లో తెరిచారు. అంతకుముందు ఆపెరా చూడటమంటే వెలుగుతున్న హాల్లో ఒకరి నగలు ఒకరు చూసుకుంటూ కూర్చోవడం. వాగ్నర్ హాలును చీకటి చేశాడు, ఆర్కెస్ట్రాను వేదిక కింద దాచాడు. చూపంతా వేదిక మీదే నిలవాలన్నాడు. ఇంతా చేసి ఆ వేదిక మీద చూపించింది మాత్రం మళ్లీ ఆ చిత్రపు గుడ్డలే. 1882లో 'పార్సిఫాల్' చూసిన ఇరవై ఏళ్ల ఆపియాకు సంగీతం ఒక లోకంలోకి, కంటికి కనబడేది ఇంకో లోకంలోకి లాగుతున్నట్టు అనిపించింది. చీకటి హాలు వల్ల ఆ గుడ్డల లోపాలు దాగకపోగా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించాయి. వాగ్నర్ సంగీతానికి సగమే కొత్త రంగస్థలం దొరికిందన్నది అతని ఫిర్యాదు.

ఫిర్యాదు చేసి ఊరుకుంటే విమర్శకుడయ్యేవాడు. అతను దీపాల పని నేర్చుకోవడానికి వెళ్లాడు. రంగస్థల కాంతి పరికరాల్లో అప్పట్లో ఆరితేరిన హ్యూగో బేర్ డ్రెస్డెన్‌లో ఉండేవాడు. ఆపియా అతని దగ్గర కొంతకాలం పని చూశాడు. ఆ రోజుల్లో రంగస్థలం దగ్గర ఏమున్నాయో గుర్తు చేసుకుంటే మంచిది. సున్నపు దిమ్మను మంటతో కాల్చి పుట్టించే లైమ్‌లైట్ 1837 నుంచే లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఉంది. విద్యుత్ ఆర్క్ దీపంతో 1849లోనే పారిస్ ఆపెరాలో సూర్యోదయం చూపించారు. 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్ సుమారు 1,200 విద్యుత్ బల్బులతో వెలిగింది. మంట లేదు, పొగ లేదు, కావలసినంత తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. అంటే సరంజామా సిద్ధంగానే ఉంది. కొత్త బల్బులు కొనుక్కున్న నాటకశాలలు వాటిని పాత గ్యాసు దీపాల చోట్లలోనే బిగించి, అదే చదును వెలుతురును ఇంకాస్త ఎక్కువగా పరిచాయి. చిత్రకారుల రంగులు ఆ వెలుతురులో మరీ పచ్చిగా కనబడ్డాయి. విద్యుత్తు వచ్చి తెరను చెడగొట్టిందని కొందరు గొణిగారు కూడా. తెర బండారం బయటపెట్టింది అంటే ఇంకా సరిగ్గా ఉండేది.

ఆపియా 1891 నుంచి స్విట్జర్లాండ్‌లో బియేర్ అనే పల్లెటూళ్లో ఒంటరిగా కూర్చుని, వాగ్నర్ నాలుగు ఆపెరాల వరుస 'రింగ్'కు పథకాలు రాస్తూ, బొమ్మలు గీస్తూ పోయాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. ఆధునిక రంగాలంకరణకు పునాది ఈ ఏళ్లలోనే పడింది కాబట్టి ఇక్కడ కాస్త నిలబడి చూడాలి.

అతని తర్కం స్వరలిపితో మొదలవుతుంది. మాటల నాటకంలో నటుడు ఒక వాక్యాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు. మన పద్యనాటకంలో అయితే మరీ స్వేచ్ఛ: రాగం ఎంతసేపు తీయాలన్నది నటుడి ఊపిరి, జనం వన్స్‌మోర్ కలిసి తేలుస్తాయి. వాగ్నర్ ఆపెరాలో అలా కుదరదు. ప్రతి మాటకూ, ప్రతి మౌనానికీ ఎంత సేపు పట్టాలో స్వరకర్త ముందే రాసి పెట్టాడు. సేపు తేలిపోయింది కాబట్టి ఆ సేపట్లో గాయకుడు ఎన్ని అడుగులు వేయగలడో తేలుతుంది. అడుగులు తేలితే నేల ఎలా ఉండాలో, ఎక్కడ మెట్టు, ఎక్కడ వాలు, ఎక్కడ అడ్డు అన్నది తేలుతుంది. నేల తేలితే వెలుగు ఎటు నుంచి, ఎప్పుడు, ఎంత అన్నది తేలుతుంది. అలా సంగీతం నుంచి నటుడు, నటుడి నుంచి స్థలం, స్థలం నుంచి వెలుగు పుట్టుకొస్తాయి. రంగులద్దిన తెరకు ఈ వరుసలో చిట్టచివరి చోటు. అదీ ఖాళీ మిగిలితేనే. సెట్‌నూ లైటింగ్‌నూ అతను రెండు పనులుగా ఎప్పుడూ చూడకపోవడానికి కారణం ఇదే.

వెలుగును మళ్లీ రెండుగా విడదీశాడు. ఒకటి అంతటా పరుచుకుని వస్తువులు కనబడేట్టు చేసే వెలుగు. దానికి దిక్కు లేదు, నీడ లేదు. రెండోది ఒక దిక్కు నుంచి వచ్చి, నీడ వేసి, ఆకారానికి బరువూ లోతూ ఇచ్చే వెలుగు. మొదటిది రెండోదానికి నేపథ్యం, అంటే సంగీతంలో శ్రుతి లాంటిది. రెండోదే పాట. ఇప్పుడు ఏ నాటక సమాజంలోనైనా జనరల్ లైట్ అనీ స్పాట్ అనీ విడదీసి మాట్లాడుకుంటున్నప్పుడు ఈ విభజనే వాడుతున్నారు, పేరు తెలియకపోయినా.

ఈ సిద్ధాంతం కంటే దాన్ని వాడిన తీరులోనే ఆపియా గొప్పతనం తెలుస్తుంది. వాగ్నర్ ఆపెరా 'ట్రిస్టన్ అండ్ ఇసోల్డే' రెండో అంకం తీసుకోండి. రాత్రి వేళ, కోటలో తోట. గుమ్మం దగ్గర కాగడా వెలుగుతూ ఉన్నంతసేపూ ప్రియుడు రాకూడదన్నది గుర్తు. ఇసోల్డే ఆ కాగడా ఆర్పేస్తుంది, అతను వస్తాడు. మామూలు డిజైనర్ అయితే కోట, చెట్లు, చంద్రుడు, మెట్లు అన్నీ గీయించేవాడు. ఆపియా అడిగిన ప్రశ్న వేరు: ఈ క్షణంలో ఇసోల్డేకు ఏం కనబడుతోంది? ఆమెకు కనబడేది కాగడా ఒక్కటే, ప్రియుడికీ తనకీ మధ్య అడ్డుగా ఉన్న వెలుగు. కాబట్టి తెర లేవగానే ప్రేక్షకుడికీ ఆ కాగడానే కొట్టొచ్చినట్టు కనబడాలి, మిగతాదంతా మసకలో కరిగిపోవాలి. అది ఆరిపోయాక గోడలూ చెట్లూ తమ ఉనికి కోల్పోయి ఒకే రకం మసక వెలుతురు మిగలాలి. ప్రేమికులకు స్థలం, కాలం రెండూ లేవు కాబట్టి కంటికీ ఉండకూడదు. వాళ్లు పట్టుబడే వేళకు తెల్లవారుజాము వెలుతురు నెమ్మదిగా పాకి, వస్తువుల అంచులు ఒక్కొక్కటీ తిరిగి తేలతాయి. లోకం మళ్లీ వచ్చి మీద పడుతుంది. ఇక్కడ లైటింగ్ సమయాన్ని చెప్పడానికి రాలేదు. పాత్ర మనసులోంచి లోకం ఎలా ఉంటుందో చూపడానికి వచ్చింది. ఇప్పుడు మనకిది మామూలుగా అనిపించవచ్చు. అప్పటికి దీపం పని చీకటి పోగొట్టడం ఒక్కటే.

'రింగ్'లో మూడో ఆపెరా 'సీగ్‌ఫ్రీడ్' అడవి గురించి అతని ఆలోచన కూడా ఇలాంటిదే. వేదిక మీద అడవి భ్రమ కల్పించడం అనవసరం, అడవిలో ఉన్న మనిషి భ్రమ కల్పిస్తే చాలన్నాడు. గాలికి ఆకులు కదిలినప్పుడు సీగ్‌ఫ్రీడ్ చూపు పైకి లేస్తుంది. అప్పుడు ప్రేక్షకుడికి కావలసింది అతని ఒంటి మీద కదిలే ఎండ నీడలు. ఆకులు గీసిన గుడ్డ కాదు. మనిషి మీద పడ్డ వెలుగే అడవి.

ఇంత పని పట్టుకుని తలుపు తట్టాల్సిన చోటు ఒక్కటే, బైరాయిట్. వాగ్నర్ 1883లో పోయాడు. నాటకశాల పగ్గాలు భార్య కోసిమా చేతికి వచ్చాయి. ఆపియాకు ఆ ఇంటితో సంబంధం ఉన్న స్నేహితుడు హౌస్టన్ స్టీవార్ట్ చాంబర్లేన్. (తర్వాతి రోజుల్లో జాతి ఆధిక్య సిద్ధాంతాలు రాసి నాజీలకు ఆరాధ్యుడైన చాంబర్లేన్ ఇతనే. ఆపియా తన ముఖ్య గ్రంథాన్ని ఇతనికే అంకితం ఇచ్చాడన్నది మింగుడుపడని నిజం.) చాంబర్లేన్ ఆ బొమ్మల్నీ పథకాల్నీ కోసిమా ముందు పెట్టాడు. ఆమె సమాధానం క్లుప్తంగా ఇది: 1876లో 'రింగ్' ఇక్కడ ప్రదర్శించారు, కనుక రంగాలంకరణలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. 1896లో బైరాయిట్‌లో 'రింగ్' మళ్లీ వేసినప్పుడు తెరలు వచ్చాయి, ఆపియా రాలేదు.

కోసిమాను మొండిమనిషిగా కొట్టిపారేయడం సులువు. ఆమె వైపు నుంచి చూస్తే తర్కం ఉంది. భర్త చేతి మీదుగా జరిగిన ప్రదర్శన ఆమెకు వీలునామా లాంటిది. అందులో అక్షరం మారిస్తే వారసత్వం చెదురుతుందని భయం. విచిత్రమేమిటంటే ఆ వీలునామాతో వాగ్నరే తృప్తి పడలేదు. కనబడని ఆర్కెస్ట్రాను తయారు చేశాక కనబడని రంగస్థలాన్ని కూడా కనిపెట్టాలనిపిస్తోందని, వేషాలతో, రంగులతో విసిగిపోయి 1878లో అన్నాడు. ఆ మాట రాసిపెట్టింది ఇంకెవరో కాదు, తన దినచర్యలో కోసిమానే. కాబట్టి ఆపియాను అడ్డుకున్నది పరికరాల కొరత అనడం పొరపాటు. ఒక కుటుంబం, దాని హక్కులు, ఆ హక్కులకు కాపలాగా నిలిచిన భక్తి అతన్ని గుమ్మం బయటే ఉంచాయి. దానికి తోడు మనిషి స్వభావం. నత్తి, బిడియం, ఏకాంతం మీద ఇష్టం. నాటకం అంటే పదిమందితో వాదులాడి పని చేయించుకోవడం. అది అతనికి చేతకాలేదు.

వేదిక దొరకలేదు కాబట్టి అచ్చు మిగిలింది. వాగ్నర్ నాటకాల ప్రదర్శన మీద చిన్న పుస్తకం 1895లో పారిస్‌లో వచ్చింది. సంగీతం, రంగాలంకరణల మీద పెద్ద గ్రంథం 1899లో మ్యూనిక్‌లో వచ్చింది. అది కూడా అతను రాసిన ఫ్రెంచిలో కాదు, జర్మన్ అనువాదంలో. 1903లో పారిస్‌లో బేయార్న్ ప్రభుపత్ని సొంత రంగశాలలో 'కార్మెన్' నుంచి, షూమన్ సంగీతం సమకూర్చిన 'మాన్‌ఫ్రెడ్' నుంచి దృశ్యాలు వేసి చూపించాడు. దీపాల విషయంలో మరియానో ఫోర్తునీ సాయం ఉంది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు, ఆ మెచ్చుకోలు అక్కడితో ఆగిపోయింది.

1906లో జెనీవాలో ఎమీల్ జాక్-దాల్‌క్రోజ్ అనే సంగీత ఉపాధ్యాయుడి ప్రదర్శన చూడటంతో ఆపియా దారి మలుపు తిరిగింది. దాల్‌క్రోజ్ పిల్లలకు తాళాన్ని చేతులతో, కాళ్లతో, ఒళ్లంతటితో నేర్పేవాడు. స్వరలిపిలోంచి నేరుగా శరీరంలోకి వెళ్లే దారి కోసం ఏళ్ల తరబడి కాగితాల మీద వెతుకుతున్నవాడికి అది కళ్లముందు ప్రత్యక్షమైంది. అంతవరకూ వాగ్నర్ కథలకు స్థలం గీసినవాడు, ఇప్పుడు ఏ కథా లేని స్థలాలు గీయడం మొదలుపెట్టాడు. 1909 ప్రాంతంలో గీసిన ఆ ఇరవై దాకా బొమ్మలకు 'లయ స్థలాలు' అని పేరు పెట్టాడు. వాటిలో ఉండేవి మెట్లు, వేదికలు, వాలు నేలలు, స్తంభాలు, వెనక ఒక వెలుగు. మనుషులు దాదాపు కనబడరు. కానీ ప్రతి మెట్టూ ఎవరో అడుగు వేస్తారని ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. రాయి గట్టిది, ఒళ్లు మెత్తనిది. ఆ రెండూ ఎదురెదురు పడినప్పుడే ఒంటి కదలికకు ప్రాణం వస్తుందని అతని నమ్మకం. మెత్తటి పరుపు మీద నడక అందంగా ఉండదు కదా.

ఆ బొమ్మల్లో ఒకదాని పేరు 'సైప్రస్ నీడ'. మొదట సైప్రస్ చెట్ల వరుసే గీయాలనుకున్నాడు. చెట్లు తగ్గిస్తూ తగ్గిస్తూ ఒక్కదానికి వచ్చాడు. చివరికి ఆ ఒక్కటీ తీసేసి, నేల మీదా మెట్ల మీదా దాని నీడ మాత్రం ఉంచాడు. చూసేవాడు చెట్టును తానే మొలిపించుకుంటాడు. ఆపియా వృత్తి రహస్యం అంతా ఆ ఒక్క కాగితంలో ఉంది. అతన్ని కొందరు పొదుపు డిజైనర్ అంటారు, ఏమీ పెట్టని ఖాళీ వేదికకు ఆద్యుడంటారు. అది సరైన పొగడ్త కాదు. ఆ బొమ్మలో ఖాళీ లేదు, నీడ ఉంది. నీడ పడాలంటే మెట్లు ఎక్కడ విరగాలి, దీపం ఏ ఎత్తున ఉండాలి అన్నది మిల్లీమీటరు లెక్కన ఆలోచించాలి.

ఈ ఆలోచనకు ఇటుకలు దొరికింది డ్రెస్డెన్ పక్కన హెల్లెరావ్‌లో. అది 1909లో మొదలైన తోటల ఊరు. కర్ర సామాన్ల తయారీదారు కార్ల్ ష్మిట్ తన పనివాళ్ల కోసం తలపెట్టింది. ఆ ఊరిని నడిపిస్తున్నవాళ్లలో ఒకడైన వోల్ఫ్ డోర్న్ దాల్‌క్రోజ్‌ను రప్పించి, అతని విద్య కోసం పెద్ద భవనం కట్టించాడు. కట్టిన వాస్తుశిల్పి హైన్రిష్ టెస్సెనో. లోపలి హాలులో ఆపియా తాను అన్నాళ్లూ అనుకున్నది రాబట్టాడు. వేదికకూ ప్రేక్షకులకూ మధ్య తోరణం లేదు, ముందు తెర లేదు. మొత్తం ఒకే దీర్ఘచతురస్రపు గది. మెట్లు, వేదికలు విడి ముక్కలు, ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు.

ఇక వెలుగు. గోడలు, పైకప్పు అంతటా తెల్లటి గుడ్డ బిగించి, వెలుగు వడకట్టుకుని వచ్చేట్టు దాన్ని మైనంతో తయారు చేశారు. దాని వెనక వేలాది బల్బులు. వాటన్నిటినీ ఒకే చోట నుంచి ఒక మనిషి పెంచుతూ, తగ్గిస్తూ ఉండేవాడు, హార్మోనియం మెట్లు నొక్కినట్టు. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేది కాదు, గదే వెలుగుతున్నట్టుండేది. ఆ పరచుకున్న వెలుగు మీద, అవసరమైన చోట దిక్కున్న దీపాలు. అతని రెండు వెలుగుల సిద్ధాంతం ఇక్కడ ఏకంగా వాస్తువైపోయింది. ఈ యంత్రాంగం ఆపియా చేతిది కాదన్నది మరచిపోకూడదు. దాన్ని సాధించినవాడు తిఫ్లిస్ (ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసి) నుంచి వచ్చిన చిత్రకారుడు అలెగ్జాండర్ ఫాన్ జాల్ట్స్‌మన్. ఊహ ఒకరిది, తీగలు కలిపింది ఇంకొకరు. చరిత్ర పుస్తకాలు రెండోవాడిని తరచూ అధోజ్ఞాపికలో పడేస్తాయి.

1912లో గ్లుక్ ఆపెరా 'ఆర్ఫియస్'లో పాతాళ ఘట్టం, 1913లో ఆపెరా మొత్తం ప్రదర్శించారు. చనిపోయిన భార్యను తెచ్చుకోవడానికి పాతాళానికి దిగే గాయకుడి గ్రీకు కథ అది. పాతాళం అంటే మెట్లు. మెట్ల నిండా దారి కాచి అడ్డుకునే భూతాలుగా దాల్‌క్రోజ్ విద్యార్థులు. ఆర్ఫియస్ పై మెట్టు దగ్గర వెలుగులోంచి వచ్చి, ఒక్కొక్క అడుగే ఆ చీకటిలోకి దిగుతాడు. పాట బలంతో భూతాలు లొంగిపోతూ పక్కకు ఒరుగుతుంటే దారి తెరుచుకుంటుంది. దిగడం అన్న మాటకు ఇంతకన్నా అర్థం ఏం కావాలి? స్వర్గసీమకు వచ్చేసరికి మెట్లు మాయమై వాలు నేలలు వచ్చాయి. మెట్టు మీద అడుగు ప్రయాసతో పడుతుంది, వాలు మీద జారినట్టు సాగుతుంది. శాంతి అన్నది పాటలోనే కాక కాలి కింద కూడా ఉండాలన్నమాట. మన్మథుడి పాత్రకు వేషమే వేయలేదు. ఒక వెలుగు, తెర వెనక నుంచి ఒక గొంతు.

చూడటానికి యూరప్ నలుమూలల నుంచి వచ్చారు. బెర్నార్డ్ షా వచ్చాడు, ఫ్రెంచ్ నాటకకర్త పాల్ క్లోడెల్ వచ్చి తన నాటకాన్ని అదే హాలులో వేయించుకున్నాడు. అక్కడ చదువుకున్నవాళ్లలో మేరీ విగ్‌మన్ తర్వాత ఆధునిక నృత్యానికి పెద్ద పేరైంది. వాస్తుశిల్పి లె కోర్బ్యూజియే అన్న అక్కడే ఉండటంతో తమ్ముడూ వచ్చి చూశాడు.

రెండు వేసవులకే అది ముగిసింది. 1914 ఫిబ్రవరిలో డోర్న్ మంచుకొండల్లో స్కీయింగ్ చేస్తూ చనిపోయాడు. ఆగస్టులో యుద్ధం వచ్చింది. జర్మన్ ఫిరంగులు ఫ్రాన్స్‌లోని రాన్స్ కెథెడ్రల్‌ను కొట్టినందుకు నిరసన పత్రం మీద దాల్‌క్రోజ్ సంతకం చేయడంతో జర్మనీ అతనికి మూసుకుపోయింది. ఆ భవనం తర్వాత నాజీల కాలంలో పోలీసు శిక్షణకు, యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు సోవియట్ సైన్యానికి బస అయింది. ఇప్పుడు మళ్లీ కళాకేంద్రం.

అదే 1914లో జ్యూరిక్ రంగస్థల ప్రదర్శనశాలలో ఆపియా, ఇంగ్లండ్ డిజైనర్ గోర్డన్ క్రెయిగ్ కలిశారు. ఆధునిక రంగాలంకరణకు ఇద్దరినీ జంటగా చెబుతారు. క్రెయిగ్ 1911 నాటి తన పుస్తకంలో ఆపియాను చనిపోయినవాళ్ల జాబితాలో వేశాడు, ఎవరో పోయాడని చెప్పారట. తర్వాత దిద్దుకుంటూ, యూరప్‌లో అగ్రశ్రేణి డిజైనర్ బతికే ఉన్నాడని ఆనందంగా రాశాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష సరిగా లేకపోయినా బాగా కలిసిపోయారు. తేడా మాత్రం పెద్దదే. క్రెయిగ్ నటుడి స్థానంలో బొమ్మ ఉంటే బాగుంటుందనేదాకా వెళ్లాడు. ఆపియా నటుడి ఒంటి చుట్టూ లోకాన్ని కట్టాడు.

పెద్ద నాటకశాల పిలుపు రావడానికి అరవయ్యేళ్లు దాటాలి. 1923 డిసెంబర్‌లో మిలాన్ లా స్కాలాలో తోస్కానీనీ సంగీత నిర్వహణలో 'ట్రిస్టన్'. ముప్పై ఏళ్ల కిందట కాగితం మీద వెలిగిన కాగడా చివరికి వేదిక మీద వెలిగింది. తోస్కానీనీ అండ ఉన్నా జనానికి రుచించలేదు. రంగుల పండుగ లాంటి ఆపెరాకు అలవాటుపడ్డ కళ్లకు ఆ బూడిద రంగు గోడలు బీదగా కనబడ్డాయి. తప్పంతా ప్రేక్షకుల మీద నెట్టలేం. ఆపియా వెలుగు పనిచేయాలంటే నెలల తరబడి దీపాలతో సాధన కావాలి. హెల్లెరావ్‌లో అది దొరికింది, రోజుకో ఆపెరా మార్చే నాటకశాలలో దొరకదు.

బాసెల్‌లో ఆస్కార్ వేల్టర్‌లిన్ అనే యువ దర్శకుడు ధైర్యం చేశాడు. 1924 నవంబర్‌లో 'రింగ్' మొదటి భాగం, 1925 ఫిబ్రవరిలో రెండోది వేశారు. ఊళ్లోని వాగ్నర్ భక్తులు, పత్రికలు విరుచుకుపడ్డాయి. మిగతా రెండు భాగాలు రద్దయ్యాయి. అదే ఫిబ్రవరిలో వేసిన ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ 'ప్రొమిథియస్' అతని ఆఖరి రంగప్రవేశం. మూడేళ్లకు, 1928 ఫిబ్రవరి 29న, స్విట్జర్లాండ్‌లోని నియోన్‌లో కన్నుమూశాడు.

ఈ సిద్ధాంతానికి పరిమితులూ ఉన్నాయి. కాలాన్ని నిర్ణయించేది సంగీతమే అయితే, సంగీతం లేని మాటల నాటకం సంగతేమిటి? దీనికి ఆపియా దగ్గర గట్టి సమాధానం లేదు. అతని పద్ధతి సహజంగా ఒదిగింది నృత్యానికీ ఆపెరాకే. మెట్ల మీద మనుషుల గుంపులు ప్రతిమల్లా నిలబడే అలవాటు కూడా అనుకరించేవాళ్ల చేతుల్లో త్వరగానే మొద్దుబారింది. సెట్, లైటింగ్ ఒకే మనసులోంచి రావాలని పట్టుబట్టినవాడి ప్రభావంతోనే లైటింగ్ అంత ముఖ్యమైపోయి, దానికి విడిగా ఒక డిజైనర్ పుట్టుకొచ్చాడు. పోస్టర్ మీద ఇప్పుడు రెండు పేర్లుంటాయి. ఆపియా చూస్తే సంతోషించేవాడో, తల పట్టుకునేవాడో.

బైరాయిట్ తలుపు మాత్రం తెరుచుకుంది, అతను పోయిన ఇరవై మూడేళ్లకు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1951లో ఉత్సవం మళ్లీ మొదలైనప్పుడు కోసిమా మనవడు వీలాండ్ వాగ్నర్ 'పార్సిఫాల్'ను దాదాపు ఖాళీ వేదిక మీద, మసకలోంచి మనుషులను తేల్చే వెలుగుతో ప్రదర్శించాడు. డబ్బు తక్కువ, హిట్లర్‌తో అంటకాగిన పాత అలంకారాలను వదిలించుకోవాల్సిన అవసరం ఎక్కువ. ఆ రెండు కారణాలకూ ఆపియా బొమ్మలు బాగా పనికొచ్చాయి. చూసిన పాత భక్తులు కొందరు మళ్లీ అలిగారు. ఆపియా 1899 నాటి గ్రంథం అతను రాసిన ఫ్రెంచిలో అచ్చయ్యేసరికి 1963 వచ్చింది.